మూడో తరగతి జోగారావు

రెండువేల సంవత్సరం మార్చి, సోమవారం సాయంత్రం. అమీర్‌పేటలో ఒక మేడ మీద, చిన్నపిల్లలకు సైన్సు, సోషలు ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పే గది. నేర్పేది జోగారావు మాస్టారు. నేర్చుకునేది అతియా.

"మీరు కూసోండి సార్."

"ఎక్కడ?"

"బెంచి మీద. పిల్లగాని లెక్క."

"నేనా?"

"ఇంకెవరున్నరు సార్? హైందవి రాలే, రవళి రాలే. ఇద్దరు పక్క గదిల జావా క్లాసు ఎట్లుంటదో చూడవోయిన్రు. రేపు పంజగుట్ట బడిల నాకు డెమో పాఠం. ఎదురుంగ ఒక్కరన్న కూసుంటెనే గద నేను చెప్పి చూసుకునేది."

"కుర్చీలోంచి వింటానమ్మా. చెవులు ఎక్కడున్నా చెవులే."

"మీరే చెప్పిన్రు సార్, మొదటి దినమే. ఒకరు టీచరు కావాలె, మిగిలినోళ్లు పిల్లలు కావాలె, గట్లనే నేర్చుకోవాలె అని. మూడు నెలల సంది నేను మీ ముంగట మూడో తరగతి పిల్లనైతనే ఉన్న. ఒక్క దినం మీరు కాండి."

"సరే. మోకాళ్లు పట్టడం లేదు."

"జర పక్కకు తిప్పుండ్రి. ఆఁ. గా చెక్క గోడ ముందుకొచ్చిందా సార్? పోయిన నెల ఇక్కడ మూడు బెంచీలుండె."

"రెండున్నర అడుగులు వచ్చింది. వాళ్లకి కంప్యూటర్లు పెరిగాయి."

"మనకు?"

"మనకి గాలి తగ్గింది. మొదలుపెట్టమ్మా."

"పిల్లలూ, అందరు మంచిగున్నరా?"

"ఉన్నామండి."

"అండి వద్దు సార్."

"ఉన్నాం."

"మీ పేరేంది?"

"జోగారావు."

"పిల్లగాని పేరు చెప్పుండ్రి."

"అప్పుడూ జోగారావేనమ్మా. ఇంట్లో మాత్రం జోగీ అనేవాళ్లు."

"జోగీ, మీరు పొద్దుగాల ఏం తాగిన్రు?"

"నువ్వు అనమ్మా. మూడో తరగతి పిల్లాణ్ణి మీరు అంటే, రేపు వెనక కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ ఏమనుకుంటుంది?"

"నా నోటికి రాదు సార్. మీకు అరవై ఏండ్లు."

"యాభై తొమ్మిది."

"జోగీ, పొద్దుగాల ఏం తాగినట్టు?"

"కాఫీ."

"దాంట్ల ఏమేముంటయి?"

"కెఫీన్—"

"సార్."

"పాలు, పంచదార, నీళ్లు."

"శభాష్. నీళ్లు ఎక్కడినుంచి వస్తయి?"

"సూర్యరశ్మికి సముద్రజలం ఆవిరై, పైకి వెళ్లి, చల్లబడి, మేఘాలై, వర్షరూపంలో—"

"మూడో తరగతి సార్!"

"పుస్తకంలో అలాగే ఉందమ్మా."

"పుస్తకంల ఉంటది. పిల్లల నోట్ల ఉండదు. మీ ఇంట్లకు నీళ్లు ఎక్కడినుంచి వస్తయి?"

"వర్షం నుంచి."

"ఇంట్లకు వానొస్తదా?"

"వస్తుంది. పై అంతస్తు, పాత స్లాబు."

"మా పిల్లలనడిగితే ఏమంటరో తెలుసా? బోరబండ పోరలు ట్యాంకర్ల నుంచి అంటరు. యూసుఫ్‌గూడోళ్లు నల్లా నుంచి అంటరు. ఒక పోరి అయితే పక్కింటి ఆంటీ నుంచి అన్నది."

"అవన్నీ తప్పులే కదమ్మా."

"తప్పెట్లయితది సార్? వాళ్లు చూసింది గదే. ట్యాంకర్ల నుంచా? మంచిది. ట్యాంకర్లకు ఎవరు పోసిన్రు? గట్ల ఒక్కొక్క మెట్టు ఎనుకకు పోతే చెరువు దాంక పోవచ్చు. చెరువు దాంక పోతే మీరన్న మేఘాలు, గా మొగులు, ఎంత దూరం?"

"ఒక్క నిమిషం. ట్యాంకర్... ఎవరు... పోశారు. ఊఁ, చెప్పు."

"ఏం రాస్తున్రు సార్?"

"నీ తప్పులు."

"సరే. గిప్పుడు చూడుండ్రి. గ్లాసుల వేడినీళ్లు పోసిన, మీద ప్లేటు పెట్టిన. ప్లేటు తీస్తున్న. కింద ఏమున్నయి?"

"నీటి బిందువులు."

"చుక్కలు. గ్లాసుల నీళ్లు ప్లేటుకు ఎట్ల ఎక్కినయి? ఆవిరై ఎక్కినయి. గట్లనే—"

"ఆగు. పోయాయి."

"ఏం పోయినయి?"

"ఐదు మార్కులు. ప్రశ్న నువ్వే వేశావు, జవాబూ నువ్వే చెప్పేశావు. ఇక పిల్లాడెందుకు? ఎన్నిసార్లు చెప్పానమ్మా, జవాబు టీచరు చెప్పకూడదు. పిల్లాడి నోటి నుంచే రావాలి."

"రాకుంటే?"

"ఇంకో ప్రశ్న వెయ్యి. పక్కనుంచి వెయ్యి. వెనకనుంచి వెయ్యి. ఆగు."

"ఎంతసేపు ఆగాలె?"

"వచ్చేదాకా. టీచరుకి ఉండాల్సింది అదే, ఓపిక."

"ఓపిక మస్తున్నది సార్ నాకు. మూడు దినాల సంది అదే చేస్తున్న."

"ఏంటి?"

"ప్రాక్టీసు. ఈ పోస్టు పోతే నాకు ఇంకొకటి లేదు సార్. యూసుఫ్‌గూడల మా బడి ఏప్రిల్‌ల బందైతుంది. అండ్ల సుత కంప్యూటర్ సెంటరే. పంజగుట్ట బడోళ్లు, టీచరుగ చేరితే ఆమె పిల్లలకు సీటిస్తరు. మా ఇమ్రానా రెండో తరగతి. గా బడిల ప్రయోగశాల ఉన్నదంట, పిల్ల దాని పేరు పలుకుతది గాని ఎప్పుడు చూడలే. దానికి గా సీటు కావాలె సార్. నాకు నౌకరి కన్న గదే ఎక్కువ."

"తెలుసమ్మా."

"ఒక్కటే పోస్టు."

"తెలుసు."

"పోస్టుల సంగతి మీకెట్ల తెలుసు?"

"నువ్వే చెప్పి ఉంటావు."

"నేను చెప్పలే."

"అయితే ఊహించి ఉంటాను. పాఠం ఆగిపోయింది."

"ఇంకెవరొస్తున్నరో రేపు."

"ఎవరో వస్తారు. ప్లేటు కింద చుక్కల దగ్గరున్నాం."

"ఎవరో తెలిస్తే మంచిగుండు."

"తెలిసి ఏం చేస్తాం. అది సరే గానీ, ఓ మాట అడుగుతాను. బాగా పెద్దవాళ్లు పాఠం చెబితే పిల్లలు వింటారా?"

"ఎంత పెద్ద?"

"ఉదాహరణకి అరవై."

"యాభై తొమ్మిదికి వింటరు."

"సరదాకి కాదమ్మా."

"జుట్టు తెల్లగుంటే తాత అంటరు సార్."

"సార్ అనరా?"

"రెండు దినాలు తాత అంటరు. తర్వాత సార్ తాత అంటరు. కోపం చేయొద్దు. కోపం చేస్తే మొత్తం తాతనే అంటరు."

"సార్... తాత. ఊఁ."

"గది సుత రాస్తున్రా? అది నా తప్పు గాదు."

"అలవాటుకి రాశాను. మరి పిల్లాడు ఉన్నట్టుండి ఏడిస్తే?"

"మీరు ఎప్పుడు చిన్న పిల్లలకు చెప్పలేదా సార్?"

"ఇరవై ఆరేళ్లు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. తొమ్మిదేళ్లుగా చిన్నపిల్లలకు చెప్పడం ఎలాగో పెద్దవాళ్లకు చెబుతున్నాను."

"అంటే చెప్పలే."

"నేరుగా అయితే చెప్పలేదు."

"ఒక్కసారి సుత?"

"మా మనవడికి ఆకు గురించి చెప్పాను. నిద్రపోయాడు. వాడికప్పుడు ఏడాదిన్నర."

"అయితే గిప్పుడు మంచిగ నేర్చుకోండ్రి. మీరు పిల్లగానిలెక్క లేరు సార్. అడిగిందానికే జవాబు చెప్తున్నరు."

"అడిగిందానికి చెప్పకపోతే ఎలా?"

"పిల్లలు అడగంది చెప్తరు. మనం నీళ్లు అంటం, వాడు చెయ్యెత్తి టీచర్ మా మేక ఈనింది అంటడు. గదే డెమోల అసలు పరీక్ష. హెడ్‌మిస్ట్రెస్ పాఠం చూడదు, మేక కాడ మనం ఏం చేస్తమో చూస్తది."

"ఏం చెయ్యాలి?"

"ఎన్ని పిల్లలు అని అడగాలె. మేక నీళ్లు ఎక్కడ తాగుతది అని అడగాలె. పాఠంలకు మేకనే తోల్కొని రావాలె. చెయ్యెత్తుండ్రి, మీరు సుత ఏమన్న చెప్పుండ్రి."

"టీచర్."

"ఏంది జోగీ?"

"మా మేక ఈనింది."

"అది నేను చెప్పిన మేక సార్. మీది చెప్పుండ్రి."

"మాకు మేక లేదమ్మా. కుందన్‌బాగ్‌లో ఒక గది, వంటిల్లు."

"మేకనే గావాల్నా? ఇంట్ల ఎవరికి చెప్పొద్దు అన్నది ఏమన్న ఉంటది గద. పిల్లలు గదే ముందుగాల చెప్తరు. ఒక పోరడు లేచి, టీచర్ మా అబ్బా టీవీ ఎనుక సిగరెట్లు దాస్తడు అన్నడు. గప్పుడు వాళ్ల నాయిన తలుపు కాడనే నిలవడి ఉన్నడు."

"పాపం."

"చెప్పుండ్రి సార్."

"అలాంటివేం లేవు."

"మంచిగ ఆలోచించుండ్రి. నేను ఆగుత. మీరే ఆగమన్నరు."

"టైమెంతయింది?"

"పిల్లలు టైమడుగరు. గంట ఎప్పుడు కొడ్తరు అంటరు."

"గంట ఎప్పుడు కొడతారు?"

"పాఠం అయినంక. జోగీ, రేపు మంగళవారం. పొద్దుగాల లేచి నువ్వేం చేస్తవ్?"

"పళ్లు తోముకుంటాను."

"నీళ్లతోని. మంచిది. తర్వాత?"

"స్నానం."

"నీళ్లతోని. తర్వాత?"

"కాఫీ."

"తర్వాత ఎక్కడికి పోతవ్?"

"ఇక్కడికి వస్తాను."

"రేపు మనకు క్లాసు లేదు. శనివారమే సెలవన్నరు మీరు."

"అన్నానా?"

"ఎందుకు సెలవు అని అడిగితే సొంత పని అన్నరు."

"సొంత పని అంటే సొంత పనేనమ్మా."

"నేను అమ్మను గాదు. టీచర్ని. ఎక్కడికి పోతవ్ జోగీ?"

"ఒక్క నిమిషం టీచర్."

"చెయ్యెందుకు ఎత్తినవ్?"

"ఒకటికి."

"పొయ్యి రా."

"వద్దు. తగ్గిపోయింది."

"అయితే చెయ్యి దించు. దించుతలేవేంది?"

"టీచర్."

"చెప్పు."

"నాకూ రేపు డెమో ఉంది."

"ఎక్కడ?"

"పంజగుట్టలో."

"ఏ బడి?"

"మీదే టీచర్."

"ఎన్ని పోస్టులు?"

"ఒకటే."

"ఎన్ని గంటలకు?"

"పదిన్నరకి. మీది పదకొండుకి."

"ఏం పాఠం?"

"ఆకు అనుకున్నాను. ఇప్పుడు... నీళ్లు బాగుంటాయేమో అనిపిస్తోంది."

"ట్యాంకరుతోనా?"

"ట్యాంకరుతోనే."

"కూసో."

"కూర్చునే ఉన్నాను. అతియా, నువ్వు ఏమన్నా అను. ఒకటో తారీఖు నుంచి ఈ గదీ పక్కవాళ్లదే. చెక్క గోడ తీసేస్తారట. నన్ను కూడా జావా నేర్చుకుంటారా మాస్టారూ అని అడిగారు. మర్యాదకి అడిగారులే. ఇంట్లో మా ఆవిడ అరుణాదేవికి ఇంకా చెప్పలేదు. ముప్ఫై అయిదేళ్లు చాక్‌పీసు పట్టుకున్న చెయ్యమ్మా ఇది, పొద్దున్నే దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. పేపర్లో ప్రకటన చూసి వెళ్లాను. వయసు అడగలేదు వాళ్లు. సైన్సు, సోషలు రెండూ చెప్తారా అన్నారు. చెప్తానన్నాను."

"నాకు చెప్పకుండ."

"నువ్వూ అక్కడికే అప్లయి చేశావని తర్వాత తెలిసింది. శనివారం చెబుదామనుకున్నాను. నువ్వు ఆ గ్లాసూ ప్లేటూ తెచ్చావు. నోరు రాలేదు. పైగా పిల్లల సంగతులు నీ దగ్గర... సిగ్గుగా ఉందమ్మా, అంతే. నేను రేపు వెళ్లను."

"పోవాలె."

"వెళ్లనమ్మా. ఇమ్రానా సీటు—"

"పోవాలె సార్. మీరు పోకుంటే ఇంకెవరు లేరు గనుక అతియాకిచ్చిన్రు అంటరు. నా బిడ్డ సీటు నేను పాఠం చెప్పి తెచ్చుకుంట. మీరు పదిన్నరకు ట్యాంకరు తోలుండ్రి, నేను పదకొండుకు మేకను తోల్కొస్త."

"కోపం రాలేదా నీకు?"

"మస్తొచ్చింది. శుక్రవారం రాత్రి అన్నం తినలే."

"శుక్రవారమా? శుక్రవారం నీకెలా..."

"గా బడిల రిజిస్టర్ల సంతకం పెట్టవోయిన. నా పేరుకు పై వరుసల ఇంకో దస్కత్ ఉండె. కింద రెండు గీతలు, ఒక చుక్క. నా పాఠాల రికార్డుల నలభై చోట్ల ఉన్నది గా దస్కత్, గుర్తు వట్టనా సార్?"

"శుక్రవారం నుంచీ తెలిసి... మరి అప్పుడే మొహం మీద అడిగేయొచ్చు కదమ్మా! మూడు రోజులుగా ఏమీ ఎరగనట్టు, ఇవాళ నన్నీ బెంచీలో కుక్కి, కాఫీ అనీ, మేక అనీ, పొద్దున లేచి ఏం చేస్తావనీ..."

"నేనెట్ల చెప్త సార్? జవాబు టీచరు చెప్పొద్దు, పిల్లగాని నోట్లకెల్లే రావాలె అని మీరే గద నేర్పిన్రు."