ఏ పేజీ తెరిచి పెట్టాలి

హలో… ఆ అక్కా, నేనే, ఓరిన్‌ని… చరిత్ర కేంద్రంలోనే ఉన్నా. లోపల మాట్లాడలేక బయట బెంచీ మీదికొచ్చా.

… బానే కట్టారు. పడమటికి వలసెళ్లిన నాటి నిజం బండే పెట్టారు, గుడ్డ గూడుతో సహా. ఎడ్లు మాత్రం ప్లాస్టిక్‌వి. కాడి మెడ మీద కాక చెవుల దగ్గర తగిలించారు… చెప్పాలే. అక్కడ పనిచేసే అమ్మాయి రాసుకుంది. సరిచేస్తారో లేదో.

… ఉంది. గది నట్టనడుమ అద్దాల పెట్టె. మన తాతలకే తాత, ఆసా తాత నోటుపుస్తకం దాన్లోనే పెడతారు. వెనక గోడ మీద పెద్దక్షరాలతో రాసేశారు కూడా, 'కడదాకా కూర్చున్నవాడు' అని… మురిసిపోకు. ముందు విను.

… అది కాదు. పెన్సిల్ రాత చెరిగిపోయిందని మనం వదిలేసిన పేజీలున్నాయి చూడు, వెనకవి. ఆ అమ్మాయి వాటిని ఏదో దీపం కింద పెట్టి చదివింది. ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కించి నాకిచ్చింది. రెండుసార్లు చదివాను.

… చెబుతున్నా, ఆగు. నాకు మాటలు తొందరగా రావని నీకు తెలీదా?

… ఆ, కెజియా గురించే. కలరా తగిలిన పిల్ల… మనింట్లో చెప్పుకునే కథ అంతవరకూ నిజమే. వలసబళ్ల బిడారు ఆగదు. ఆగితే మంచు పడేలోగా కొండలు దాటలేరు. చావబోయే మనిషి దగ్గర ఒకణ్ణి కాపలా ఉంచి బళ్లు సాగిపోయేవి. ప్రాణం పోయాక పూడ్చిపెట్టి వాడు వెళ్లి కలుసుకోవాలి. చీటీలు వేస్తే ఆసా తాత పేరు వచ్చింది… ఆ, అదీ నిజమే.

… గుంట ముందే తవ్వాడట. ఆమె పడుకున్న చోటికి పదడుగుల్లో. ఆమె చూస్తూనే ఉందట.

… లేదక్కా. కడదాకా లేడు.

… నా మాట కాదక్కా, ఆయన రాసిందే.

… బళ్ల దుమ్ము కూడా కనపడకుండా పోయేసరికి భయం వేసిందని రాశాడు. నీళ్ల బుడ్డి ఆమె చేతి పక్కన పెట్టి, లేచి వెళ్లిపోయాడు. ఊపిరి ఉంది… ఉంది, అక్కా. 'తిరిగి చూస్తే ఇటే చూస్తోంది' అని రాశాడు. అవే మాటలు.

… పొద్దుగుంకేసరికి బిడారును అందుకున్నాడు. మధ్యాహ్నమే పోయింది, లోతుగా పూడ్చాను, తోడేళ్లు తవ్వకుండా పైన రాళ్లు పేర్చాను అని చెప్పాడు. కెజియా నాన్న ఇతని చేతులు పట్టుకుని ఏడ్చి, పిల్ల తన పెళ్లికని కుట్టుకున్న బొంత ఇచ్చాడు…

… అవును. ఆ బొంతే.

… తెలుసు. నీ పెళ్లినాడు మంచం మీద పరిచిందీ అదే, అమ్మ పెళ్లికీ అదే.

… తిట్టు. ఆయనకి వినపడదు. నేను వింటాను.

… ఆ అమ్మాయినేమీ అనకు. పాపం, మొహం వేలాడేసుకుని ఓ దారి చెప్పింది. అద్దాల వెనక పుస్తకం ఏదో ఒక పేజీ దగ్గరే కదా తెరిచి ఉండేది? ఏ పేజీ అన్నది మన ఇష్టమట. దారిలో బిడారు ప్లాట్ నది దాటిన రోజు పేజీ ఉంది. ఎడ్లు ఈదుతున్నట్టు బొమ్మ కూడా గీశాడు. అది తెరిచి పెడితే మిగతావి ఎవరూ అడగరంది.

… అంటావని తెలుసు. నేనూ అదే అనుకున్నా. పుస్తకం ఇస్తున్నట్టు సంతకం పెడదామని కలం కూడా తీశా… అప్పుడొచ్చింది ఆవిడ.

… వెల్డా గారని, కెజియా చెల్లెలి వంశం. ఎనభై రెండేళ్లు. మిస్సోరీ నుంచి రెండు రోజులు తనే కారు నడుపుకుంటూ వచ్చింది. పీచ్ పళ్ల జామ్ సీసా నా చేతిలో పెట్టి, 'మీవాళ్లు మా పిల్లని ఒంటరిగా పోనివ్వలేదు' అంది.

… తీసుకున్నా. ఏం చెయ్యను? అక్కడే బల్ల మీద పెట్టేసి ఇలా బయటికొచ్చా.

… ఎందుకు చెప్పాలా? అక్కా, వాళ్లు మనకి ఒకసారి కృతజ్ఞత చెప్పుకున్నారు, బొంత ఇచ్చి. ఇది రెండోసారి.

… చెప్పకపోవడమే దయా? ఏమో. దూడ కాలు విరిగి పడుంటే, చూడలేక దాన్నలా వదిలేసి మనం ఇంటికొస్తే నాన్న గడప తొక్కనిచ్చేవాడా?… మరి?

… ఊరంతా వస్తుంది, తెలుసు. రేపే ప్రారంభం. మీ చర్చివాళ్లూ వస్తారు. తలెత్తుకోలేవు. నేనూ ఎత్తుకోలేను. నువ్వు రానంటే రాకు. పుస్తకంలో సగం నీది. వద్దని గట్టిగా అను, ఇంటికి తెచ్చేస్తా. పెట్టడమంటూ పెడితే మాత్రం ఆ నది పేజీ పెట్టనివ్వను.

… అను మరి. ఒక్క మాట… 

… ఊఁ. వద్దనలేదుగా, అది చాలు.

… ఆగు, ఆవిడే తలుపు తోసుకుని వస్తోంది… రండమ్మా, మెల్లగా, మెట్టుంది… లేదమ్మా, మా అక్కతో. కూర్చోండి… ఆ, చదివాను.

… కాదమ్మా. అలా జరగలేదు.

… ఆయన ఉండలేదు. ప్రాణం ఉండగానే వెళ్లిపోయాడు.

… పూడ్చలేదమ్మా. గుంట అలాగే వదిలేశాడు.

… నీళ్లా?… పెట్టాడు. చేతికి అందేంత దగ్గర… తెలీదమ్మా. తాగిందో లేదో ఎవరూ చూడలేదు.

… అక్కా, వింటున్నావా?… ఆవిడ ఏడవడం లేదు. ఆ పేజీ మొత్తం చదివి వినిపించమంటోంది… ఇక్కడే. ఇప్పుడే.

… కట్ చేస్తావో, వింటావో, నీ ఇష్టం. ఫోన్ బెంచీ మీద పెడుతున్నా. గాలికి కాగితం నిలవడం లేదు, రెండు చేతులా పట్టుకోవాలి.