అమ్మ గొంతు

హొసకోటెలోని ఒక ప్రత్యేక పాఠశాల. మాటలు రాని తొమ్మిదేళ్ల కూతురు బొమ్మలు నొక్కి మాట్లాడే ట్యాబ్‌ను తల్లి టీచరు బల్ల మీద పెట్టింది.

“మేడం, ఈ ‘కొట్టొద్దు’ బొమ్మ నొక్కితే నా గొంతు పలకతాది. అది తీసేసి మిషను గొంతు పెట్టండి.”

“అమ్మ గొంతంటే పాపకు ఇష్టమనే కదా, మాటలన్నీ నీ చేత రికార్డు చేయించాను?”

“వాళ్ల నాయన కొట్టినప్పుడల్లా అదే నొక్కతాది మేడం.”

“నొక్కితే ఆపుతాడా?”

“ఆపుతాడు. నేనే ఎదురు చెప్తాండానని పాపను ఇడిసిపెట్టి నా మీదికొస్తాడు. ఆ సంగతి తెలిసే నొక్కతాది.”

“అయ్యో! గొంతు మారిస్తే ఇంక పాపను వదలడు కదమ్మా!”

“పదకొండేళ్లుగా దెబ్బలన్నీ నేనే తింటాండా మేడం. ఇంక అదీ కొన్ని తిననీ.”