మాతకి పెట్టిన బెల్టు

కారు తాళాలా? నా దగ్గరే ఉన్నాయిలే, కూర్చో. ఏవయ్యా జాన్ పాల్, మనవరాలి మొగుడివి కదాని ఊరుకుంటాననుకున్నావా? పిల్లల సీటు డిక్కీలో పడేసి, పసిదాన్ని మీ ఆవిడ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటుందా? ఆఁ, పటమట దాకానేగా అంటావ్. మా అక్క అమలమ్మ ఉండుంటే నీ కారు గేటు దాటేది కాదు. ఎవరేంటయ్యా, మీ జెస్సికా వాళ్ళ నాయనమ్మ! ఆ ఫొటోలో మూతి బిగించుకుని ఉండదూ, ఆవిడే. ఫొటో తీసేవాడు నవ్వమన్నాడని అలా పెట్టింది. అంత మొండిది.

జెస్సికాకి అప్పటికి ఏడాది నిండలేదు. దాని నాన్న అబ్రహాము కువైట్ నించి వస్తూ ఇలాంటి సీటే తెచ్చాడు. తెచ్చి ఏం చేశారనుకున్నావ్? టీవీ ముందు పెట్టి, పిల్లని అందులో కూర్చోబెట్టి ఉగ్గు తినిపించేవాళ్ళు! కార్లో మాత్రం ఒడే. సరే, మంగళగిరిలో మా మేనకోడలు కొత్తిల్లు కట్టుకుంది, ఫాదర్ గారొచ్చి ఆశీర్వదిస్తారు. మనం మాత స్వరూపం తీసుకెళ్దామని ఇక్కడే గుణదల కొండ కింద కొన్నాం. ఇంతెత్తు, ప్లాస్టర్ బొమ్మ. అది పగుల్తుందని అబ్రహాము వెనక సీట్లో దుప్పటి పరిచి, నిలబెట్టి, బెల్టు పెట్టి, లాగి మరీ చూసుకున్నాడు. పిల్లేమో ముందు తల్లి ఒళ్ళో. మా అక్క చూసింది. "ఒరే అబ్రహామూ, మాత పగిలితే ఇంకో మాతని కొనుక్కొస్తావ్. ఇది పగిలితే ఏ కొట్లో కొంటావురా?" అంది. "బయల్దేరేటప్పుడు అవేం మాటలమ్మా! తల్లి ఒడి కంటే భద్రం ఏముంటుంది?" అన్నాడు వాడు. "ఒడి ఇంట్లోరా. రోడ్డు మీద ఒడేంటి!" అని చీర సర్దుకుని కారు ముందు నేల మీద కూర్చుంది. ఇరుగూ పొరుగూ మూగారు. "ఏంటండీ అమలమ్మగారూ, ఈ వయసులో ధర్నానా?" "అవునమ్మా, ధర్నానే. నువ్వూ వచ్చి కూర్చో." ఫాదర్ గారు వచ్చేసుంటారని నేనూ బతిమాలాను. "నువ్వు నోర్ముయ్ తమ్ముడూ" అంది, అందరి ముందూ.

చివరికి ఉగ్గు మరకలతోనే సీటు బయటికొచ్చింది. వెనక బిగించి పిల్లని కట్టారు. అది గుక్కపట్టి ఏడుపు. కోడలు మూతి ముడుచుకుంది. అందరిచేతా బెల్టులు పెట్టించి, పిల్ల పక్కన, మధ్యలో మా అక్క, అటు చివర కోడలు, ముందు సీట్లో నేను. అక్క ఒళ్ళో మాత. "నీ మాటే నెగ్గిందిగా, స్వరూపాన్నన్నా గట్టిగా పట్టుకోమ్మా" అన్నాడు అబ్రహాము. "ఈ చేతులు ఎన్ని గడ్డిమోపులు మోశాయిరా" అంది. వారధి దిగామో లేదో, ఎవరో చెయ్యెత్తారని ముందు పోయే ఆటో ఠక్కున ఆగింది. వీడు బ్రేకు తొక్కాడు. పెద్ద స్పీడు కూడా కాదయ్యా! మాత అక్క చేతుల్లోంచి లేచి, వాడికీ నాకూ మధ్య నించి వెళ్ళి డాష్‌బోర్డుకి తగిలి ముక్కలైపోయింది. పిల్ల సీట్లో ఉన్నది ఉన్నట్టే ఉంది, ఏడుపు ఆపి చూస్తోంది. మంగళగిరి చేరాక చుట్టాలు ఊరుకుంటారా? అపశకునం, అమలమ్మ వల్లే అని గొణిగారు. "మాతకి కోపమొస్తే నాతో చెప్పమనండి. ఆవిడా బిడ్డని కన్న తల్లే" అంది వాళ్ళ మొహానే. ఇప్పటికీ ఎవడేమన్నా నాదీ అదే మాట. కానీ అంతకు ముందు, రోడ్డు మీద కారు పక్కకి తీసి ఆపాక, అందరం దిగాం గానీ అక్క దిగలేదయ్యా. ఖాళీ చేతులు అలా చాపుకుని చూసుకుంటోంది. అంత మొండి మనిషి. "గట్టిగానే పట్టుకున్నాను తమ్ముడూ" అంది. "రెండు చేతుల్తో పట్టుకున్నానురా" అంది...

ఇవిగో తాళాలు, ముందా సీటు బిగించు. పిల్లని ఇటివ్వు.