మూడు తక్కువ

మరికినా, చెప్పులకి పేరున్న పట్నం. సోమవారం మధ్యాహ్నం. తుపాకుల మిస్త్రీ ఉస్తింగ్ కొట్టు. బల్లకి ఇవతల షూటర్ సియోనీ, ఆమె భర్త తీబో.

"…నూట ఇరవై రెండు! నూట ఇరవై ఐదు ఉండాలి, నాకు నూట ఇరవై రెండు! మూడు, ఉస్తింగ్ అన్నా, మూడంటే మూడు తక్కువ! దాంతో మొత్తం పోటీ కొట్టుకుపోయింది."

"అరవకు సియోనీ. పక్క కొట్టువాళ్ళు చెప్పులు కుట్టడం మానేసి మరీ చూస్తున్నారు."

"చూడనీ! నీ పనితనం ఏంటో వాళ్ళకీ తెలియాలి."

"ముందు తుపాకీ బల్ల మీద పెట్టు. మేగజైన్ తీసి పెట్టు."

"తీశా. లోపల కూడా ఖాళీయే. నాకు నేర్పుతావా?"

"నేర్పింది నేనే కదా."

"అదే నా ఖర్మ."

"సరే, ఖర్మే. ఏం జరిగిందో వరసగా చెప్పు. షూటర్ల ఫోను గ్రూపులో నువ్వు పెట్టింది చదివితే తిట్లు తప్ప ఇంకేం అర్థం కాలేదు నాకు."

"వరసేముంది? తగైతాయ్‌లో మూడు రోజుల పోటీ. ఆదివారం మధ్యాహ్నానికి ఆడవాళ్ళలో రెండో స్థానంలో ఉన్నా. దేశం జట్టులోకి నలుగుర్ని తీసుకుంటారు. ఇంకా రెండు స్టేజీలే ఉన్నాయి. నడుచుకుంటూ వెళ్ళొచ్చినా నలుగురిలో ఉంటా. అప్పుడు ఆ ఆఫీసరు వచ్చి నా బెల్టులోంచి ఎనిమిది తూటాలు తీసుకెళ్ళాడు."

"వేగం కొలవడానికి. అందరివీ తీసుకుంటారుగా."

"తీసుకుంటారు. అందరివీ సరిపోతాయి. నా ఒక్కదానివే సరిపోలేదు. నా తుపాకీతోనే, నా కళ్ళముందే కాల్చాడు. కాల్చి, చావు కబురు చెప్పినట్టు పక్కకి పిలిచి చెప్పాడు. గుండుకి ఉండాల్సిన నూట ఇరవై ఐదు బలం లేదమ్మా, మిగతా రెండు స్టేజీలు కావాలంటే సరదాకి కాల్చుకో, స్కోరు మాత్రం సున్నా అని. సరదాకట!"

"కాల్చావా?"

"కాల్చా. ఆ రెండూ కాల్చా. ఒక్కళ్ళు కూడా నా మొహంలోకి చూడలేదు."

"సియోనీ, ఇంటికి పోదాం పద. తిండి కూడా తినలేదు పొద్దున్నుంచి. రేపొచ్చి మాట్లాడదాం."

"నువ్వుండు తీబో! నిన్నట్నుంచీ ఇదే పాట, పద, పద, పద. తగైతాయ్ నుంచి ఇక్కడిదాకా కారులో నోరు విప్పలేదు. మొగుడివై ఉండి ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అయ్యో అన్నావా?"

"ఏమనాలి?"

"అదిగో. ఏమనాలట."

"తీబో మీద పడతావేం? నాతో మాట్లాడడానికి వచ్చావు, నాతోనే మాట్లాడు. 'ఉస్తింగ్ వేసిన గొట్టం నన్ను నిలువునా ముంచింది' అని పెట్టావు కదా. పొద్దున్నుంచి ఇద్దరు వచ్చారు. పని సగంలో ఉంది, అయినా తుపాకులు మూట కట్టుకుని పోయారు. ఒకడైతే నా కళ్ళలోకి చూడకుండా, మా బావమరిది చేసిపెడతానన్నాడులే అని గొణుక్కుంటూ పోయాడు. ముప్పై ఏళ్ళ కొట్టమ్మా ఇది. నీ వేలు ఒక్కసారి నొక్కితే పోయింది."

"మరి నాది పోలేదా? పాత గొట్టంతో నాకు నూట ముప్పై ఒకటి వచ్చేది. పోయిన నెల కొత్తది వేశావు. ఇప్పుడు నూట ఇరవై రెండు. ఇంకేం మారింది, చెప్పు! అదే తుపాకీ, అదే చెయ్యి, అదే మందు."

"కొత్త గొట్టం ఒకటో రెండో తినొచ్చు. ఒప్పుకుంటా. తొమ్మిది తినదు. వేసినరోజే వెనక గోడ దగ్గర కొలిచా. నూట ముప్పై. ఇదిగో నోటుబుక్కు, నా రాతే, తేదీ కూడా ఉంది."

"నోటుబుక్కులో ఏమైనా రాసుకోవచ్చు."

"ఏమన్నావు?"

"సియోనీ, అలా అనకు…"

"ఆగు తీబో, అననీ. సియోనీ, ఈ తుపాకీ ఎవరు ఎంచారు నీకు? తేలికది, ప్లాస్టిక్ చట్రం ఉన్నది ముచ్చటపడి తెచ్చుకుంటే, వద్దు, ఉక్కుది తీసుకో, ఆ బరువే దెబ్బని మింగుతుంది, నీ చెయ్యి చిన్నది అన్నదెవరు? పిడి పలకలు రెండుసార్లు అరగదీశా, నీ బొటనవేలు సేఫ్టీకి అందేలా. గొట్టం కొసన గురి సైటు లావుగా ఉంది, దూరం బొమ్మలు కనపడట్లేదంటే సన్నం చేసిచ్చా. ట్రిగ్గరు మరీ తేలిక చేయమని నువ్వు గొడవ పెడితే, కంగారులో పేలుతుంది, నేను చెయ్యను పో అన్నా. ఆరోజూ ఇలాగే అరిచావు. తర్వాత నువ్వే వచ్చి, నీ మాటే మంచిదయింది అన్నా అన్నావు. ఆ సాంతో నీన్యో పసిదేవుడి బొమ్మ మీద ఒట్టేసి చెప్తా, ఈ తుపాకీలో నా పని వల్ల తప్పు లేదు."

"ఒట్లు నాకెందుకు?"

"అయితే ఒట్లొద్దు. మిగిలిన తూటాలేవి?"

"తీబో, సంచి ఇలా ఇవ్వు."

"కారులో ఉండిపోయింది."

"నీ భుజానే ఉంది కదయ్యా!"

"…ఆఁ. ఇదా."

"ఇటివ్వు తీబో. ఎన్ని తియ్యమంటావు సియోనీ? ఐదు? నువ్వే తియ్యి, నేను ఏరి తీశానంటావు మళ్ళీ."

"ఇవిగో. ఐదు."

"ఆ ఫ్యాను ఆపండి ఎవరైనా. త్రాసు ఊగుతుంది."

"ఏం చేస్తున్నావు?"

"విప్పి, లోపలి మందు తూస్తున్నా. ఊఁ."

"ఊఁ అంటే?"

"ఉండు. రెండోది… ఊఁ. మూడోది…"

"అన్నా, నీ కాఫీ చల్లారిపోతోంది. ఇంకో కప్పు కలిపి తేనా?"

"నాకు కాఫీ వద్దు తీబో. నువ్వు కూర్చో. ఐదోదీ అంతే."

"ఎంత అంతే? నాతో చెప్పవేం?"

"నేను రాసిచ్చిన కొలత కన్నా తక్కువుంది సియోనీ. ఐదింట్లోనూ. ఒకే తక్కువ."

"నింపే మిషను తప్పి ఉంటుందన్నా. పాతదయిపోయింది. స్క్రూ వదులైందేమో."

"మిషను తప్పితే ఒకదాన్లో ఎక్కువ పడుతుంది, ఒకదాన్లో తక్కువ పడుతుంది తీబో. ఇవి ఐదూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఎవరో కూర్చుని, తూచి, శ్రద్ధగా తగ్గించారు."

"మా ఇంట్లో తూటాలు నింపేది…"

"సియోనీ, నేను చెప్తా. ఇంటికెళ్ళాక…"

"మా ఇంట్లో తూటాలు నింపేది నువ్వొక్కడివే."

"ఓరి దేవుడా. అందుకా స్ప్రింగు!"

"ఏ స్ప్రింగు?"

"అన్నా, నీకు దణ్ణం పెడతా…"

"దణ్ణం తర్వాత పెడుదువుగాని. సియోనీ, పది రోజుల కిందట నీ మొగుడు తుపాకీ పట్టుకొచ్చి, మెత్తటి స్ప్రింగు వేయించుకు రమ్మంది సియోనీ అన్నాడు. నువ్వు పంపలేదా?"

"నేనెందుకు పంపుతా? నూనె వేయించుకొస్తానని తీసుకెళ్ళాడు!"

"మందు తగ్గితే పైనుండే స్లైడు పూర్తిగా వెనక్కి పోదు. ఖాళీ తూటా ఇరుక్కుంటుంది, మొదటి స్టేజీలోనే దొరికిపోతాడు. మెత్తటి స్ప్రింగు ఉంటే ఇరుక్కోదు. అదీ సంగతి. నా చేత్తోనే వేయించావు తీబో. ముప్పై ఏళ్ళ నుంచి ఈ బల్ల దగ్గరున్నా, ఎందుకని కూడా అడగలేదు నేను."

"తీబో, నావైపు చూడు. ఎవరిచ్చారు నీకు? ఎవరికి అమ్ముడుపోయావు?"

"అమ్ముడుపోయానా? ఆ మాట ఎలా వచ్చిందే నీ నోట్లోంచి?"

"మరెందుకు? ఎందుకు చేశావు?"

"స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడుస్తావు కదా, అందుకు! నీళ్ళ చప్పుడులో వినపడదనుకుంటావు. ఆ గోడకి ఇవతలే కూర్చుని చెప్పులకి తోలు కోస్తుంటా నేను. రోజూ వింటా."

"నోరు ముయ్యి."

"ముయ్యను. మాట్లాడవేం మాట్లాడవేం అన్నావుగా, ఇప్పుడు విను. నీ కత్తెర ఎడమ చేతిలోకి మారింది. బియ్యం గిన్నె రెండు చేతులతో ఎత్తుతున్నావు. రాత్రి మణికట్టుకి ఐసు కట్టుకుని, నేను నిద్రపోయాననుకుని మూలుగుతావు. డాక్టరు ఆరు నెలలు తుపాకీ ముట్టొద్దని రాసిన చీటీ చింపి చెత్తలో పారేశావు. ఏరి, అతికించి చదివా."

"సియోనీ, ఇదంతా నిజమేనా? నాతో అనలేదేం ఎప్పుడూ?"

"నువ్వు ఊరుకో అన్నా! తీబో, అంత బాధ ఉంటే నన్ను అడగాలి. అడగొచ్చుగా!"

"అడిగా. ఈస్టరు ముందు అడిగా, మీ అక్క ఇంట్లో అడిగా, మొన్న మళ్ళీ అడిగా. బాగానే ఉంది, బాగానే ఉంది, బాగానే ఉంది. అంతే కదా నువ్వన్నది?"

"అందుకని నా తూటాల్లో మందు తీసేస్తావా?"

"మందు తగ్గితే చేతికి తగిలే దెబ్బ తగ్గుతుందని, నూట ఇరవై ఏడు వచ్చేలా తగ్గించా. మన ఊళ్ళో కొలిచా, మూడుసార్లు కొలిచా, నూట ఇరవై ఏడే వచ్చింది. పాసవుతుందనుకున్నా. మాన్పించాలని కాదు, ముంచాలని కాదు. నెగ్గాలనే నాకూ ఉంది."

"తగైతాయ్ కొండ మీద చలి ఉంటుందిరా. చలికి మందు నీరసిస్తుంది. పైగా వాళ్ళ మిషను వేరు, మన మిషను వేరు. పదేళ్ళ నుంచి నింపుతున్నావు, ఐదైనా ఎక్కువ పెట్టుకోవాలని తెలియదూ?"

"తెలుసన్నా."

"తెలిసే చేశావా?"

"ఐదు ఎక్కువ పెడితే నూట ముప్పై అవుతుంది. పాతదానికీ దానికీ చేతికేం తేడా? ఆ నొప్పికి తెలిసేంత తగ్గించాలనుకున్నా. ఇంకో రెండు తగ్గిస్తే ఇంకాస్త తగ్గుతుంది కదా అని… అలా అలా అంచుదాకా వెళ్ళా."

"అంచుదాకా వెళ్ళి తోసేశావు. నలభై ఏడేళ్ళు నాకు తీబో. మొదటిసారి ఒక్క స్థానం తేడాలో పోయింది. రెండోసారి అమ్మ పోయింది, అసలు వెళ్ళనేలేదు. ఇది మూడోసారి. నాలుగోసారి ఉందా? ఉంటే చెప్పు! చెయ్యి పోతే పోనీ అనుకున్నా, అది నా చెయ్యి, నా ఇష్టం. నీదా?"

"నాది కాదు. ఇరవై రెండేళ్ళ నుంచి పట్టుకుని పడుకుంటున్నానంతే."

"ఆ మాటలొద్దు. ఆ మాటలతో గెలవాలని చూడకు నాతో. ఇంకోసారి నా తూటా ముట్టావంటే…"

"ముట్టను."

"నా తుపాకీ ముట్టావంటే…"

"ముట్టనన్నాగా!"

"మీరిద్దరూ మీ ఇంటికెళ్ళి తన్నుకోండి. నా సంగతేంటి? గ్రూపులో మూడొందల మంది చదివారు ఉస్తింగ్ గొట్టం సంగతి. వాళ్ళకి ఎవరు చెప్తారు?"

"నేను రాస్తా అన్నా. ఇప్పుడే, ఇక్కడే."

"రాయి. నాకేం చేశావో నలుగురికీ తెలియాలి. రాసి పైకి చదువు."

"రాస్తున్నా… 'నేను సియోనీ భర్త తీబోని. ఉస్తింగ్ అన్న వేసిన గొట్టంలో ఏ తప్పూ లేదు. తూటాల్లో మందు తగ్గించింది నేను. స్ప్రింగు కూడా అన్నకి అబద్ధం చెప్పి మార్పించా.' సరిపోయిందా అన్నా?"

"నాకు సరిపోయింది. పెట్టు."

"ఇంకో ముక్క ఉంది. 'సియోనీకి ఇందులో ఏ పాపం లేదు. ఆదివారం ఆఫీసరు చెప్పేదాకా తనకేమీ తెలియదు.' ఆఁ. పెడుతున్నా."

"ఆగు."

"ఏంటి?"

"ఆ చివరి ముక్క తీసెయ్."

"ఏది? పాపం లేదన్నదా?"

"రెండూ."

"అది లేకపోతే ఇద్దరం కలిసి చేశామనుకుంటారే. రేపు నిన్ను పోటీకి కూడా రానివ్వరు."

"తీసెయ్యమన్నాగా!"

"ఎందుకు తియ్యాలి? నిజమే కదా? నీకెలా తెలుస్తుంది? నేను దొంగచాటుగా…"

"తీబో, ఫోను పక్కన పెట్టు. సియోనీ, ఇటు చూడు. నా వైపు చూడు తల్లీ. ఎప్పుడు తెలిసింది నీకు?"

"…శుక్రవారం."

"శుక్రవారం ఎప్పుడు?"

"పొద్దున్నే."

"పోటీ మొదలుకాకముందా?"

"ముందే. గురి సరిచూసుకునే గోడ దగ్గర. ఇరవై ఏళ్ళ నుంచి కాలుస్తున్నా, నాకు తెలియదా అన్నా? మొదటి గుండుకే తెలిసిపోయింది, మందు తగ్గిందని. కొట్టులో కొన్న, పూర్తి మందున్న తూటాలు పెట్టెడు డిక్కీలో ఉన్నాయి, తాళం నా జేబులోనే ఉంది. కారు దాకా నడిచా కూడా."

"నడిచి?"

"నొప్పి లేదన్నా. ఏడాది దాటింది, కాల్చితే నొప్పి పుట్టకపోవడం అదే మొదటిసారి. డిక్కీ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డా, వాళ్ళు నా పేరు పిలిచేదాకా… తెరవలేదు."