సగం నేసిన బట్ట

కొత్తగా తెరిచిన నేత మ్యూజియంలో, తాడు అడ్డం కట్టిన ఓ మగ్గం ముందు భార్యాభర్తలు నిలబడ్డారు. మగ్గం మీద బట్ట సగమే నేసి ఉంది; దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె పోగుల మధ్యే ఆగి ఉంది. ఆమె గుప్పిట్లో దారం చుట్టిన కండె ఒకటుంది. బోర్డు మీది అక్షరాలు ఆమె కళ్ళకు ఆనలేదు.

“ఏం రాశారండీ?”

“నేతగాడు ఇప్పుడే లేచి వెళ్ళినట్టు అమర్చారట.”

“అమర్చేదేముంది? మనబ్బాయి పోయిన రోజు ఎలా ఉందో అలాగే ఇచ్చాంగా!”

“మెల్లగా మాట్లాడు.”

“నాడెలో దారం అయిపోయింది చూడండి. ఇది పెట్టొస్తాను.”

“పెడితే మాత్రం నేసేదెవరే?”

“వాడు చెయ్యి చాపితే నేను కండె అందించని రోజుందా?”

ఆయన చెయ్యి చాపాడు.

“ఇటివ్వు.”

“మీరు పెడతారా?”

“జేబులో వేసుకుంటాను. అది నీ చేతిలో ఉన్నంతసేపూ నువ్వు ఇంటికి రావు.”