స్లైడు మాస్టారు చూసిన ఆఖరి చుక్క

ఆగవే, ఆ కవరు అప్పుడే చింపకు. రిపోర్టు ఎక్కడికీ పారిపోదులే, కూర్చో. స్టవ్వు మీద గిన్నె రెండుసార్లు మాడబెట్టానని, మొన్న నిన్ను మీ అమ్మ పేరు పెట్టి పిలిచానని రక్తం తీయించావు కదా, మంచి పనే చేశావు. తీసిన పిల్లకి నరం ఎక్కడుందో నేనే చూపించాను, చూశావుగా! ముప్ఫై ఏళ్ళు చేసిన పని మరి. ఆ, ఏం చెప్తున్నాను... స్లైడు మాస్టారు. ఆయన గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదూ?

మా ల్యాబంటే ఏముంది, మెట్లెక్కి పైకెళ్తే రెండు గదులు. ముందు గదిలో నేను రక్తం తీసేదాన్ని. వెనక గదిలో కిటికీ పక్కన, మైక్రోస్కోపు ముందు ఆయన. మనిషి మొహం చూసేవారు కాదే. నిజం! ఓసారి సొంత భార్య వచ్చి ఎదురుగా నిలబడితే "నంబరెంత?" అన్నారట, మేం పడీపడీ నవ్వుకున్నాం. సీసా మీద నంబరు, స్లైడు, అదే గాజు పలక, దాని మీద చుక్క, అంతే ఆయన లోకం. ఇప్పటిలా మిషన్లో పడేస్తే కాగితం ఊడిపడే రోజులు కావవి.

అప్పుడే మా అత్తగారికి, అదే, మీ తాతయ్య వాళ్ళమ్మకి, మతిమరుపు ముదిరింది. ఇల్లంతా గొంతుతో నడిపించిన గడసరి మనిషి, నన్ను పట్టుకుని "ఎవరమ్మా నువ్వు, మీ ఇంటికి వెళ్ళవా?" అనేది. డాక్టరేమో "వయసండీ, ఏం చేస్తాం" అని చేతులెత్తేశాడు. బయటికెళ్ళి తప్పిపోతోందని ఆవిడ గదికి బయట గొళ్ళెం పెట్టించడానికి వడ్రంగిని కూడా మాట్లాడారు. నాకు మనసొప్పలేదే. ఎవరికీ చెప్పకుండా ఆవిడ రక్తం కాస్త తీసి, నంబరేసి, మిగతా వాటి మధ్య పెట్టేశాను. మధ్యాహ్నం వెనక గదిలోంచి ఒకటే కేక. "అమ్మాయ్! ఈ నలభై ఒకటి ఎవరు?" పరిగెత్తాను. కళ్ళు మైక్రోస్కోపులోంచి తీయకుండానే అంటున్నారు, "ఎర్ర కణాలు ఇంతింత లావున్నాయి. ఈ తెల్ల కణం లోపల మూడో నాలుగో ముక్కలుండాలి, ఆరున్నాయి. ఈ మనిషికి అరికాళ్ళు తిమ్మిర్లు, మాట మధ్యలో మర్చిపోతుంటారు. అవునా, కాదా?" అన్నీ నిజమే! మొహం చూడలేదు, గొంతు వినలేదు, ఒక్క చుక్క! ఏడుస్తూ గొళ్ళెం సంగతి చెప్పేశాను. "వయసు కాదమ్మాయ్, విటమిను. బి-ట్వెల్వ్ అడుగంటిపోయుంటుంది. డాక్టరుకి నేను చెప్తా. నువ్వెళ్ళి ఆ వడ్రంగిని వెనక్కి పంపించు" అన్నారు.

ఎర్రటి ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండో నెలలో ఒక పొద్దున మా అత్తగారు నన్ను తేరిపార చూసి, "ఇంత ఉప్పేసి ఎవర్ని చంపుదామనే?" అంది. అబ్బ, ఏం తిట్టు! వంటింట్లో కూలబడి సంతోషంతో ఏడ్చాను. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ తిడుతూనే ఉంది, మహాతల్లి. మాస్టారికి దణ్ణం పెడదామని వెళ్తే, "నలభై ఒకటా? ఇంకోసారి రక్తం పట్రా, కణాలు చిన్నవయ్యాయో లేదో చూద్దాం" అన్నారు.

తర్వాత ఆయన పని మానేశారు, ల్యాబులోకి మిషన్లొచ్చాయి, నా జుట్టూ నెరిసింది. ఒకరోజు వాళ్ళావిడ ఆయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి తీసుకొచ్చింది. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నారు. "ఇంటి దారి తెలీడం లేదమ్మా" అంది మెల్లగా. రక్తం నేనే తీశాను. విటమిను తక్కువుండాలని ఎవరైనా మొక్కుకుంటారా? నేను మొక్కుకున్నాను. మర్నాడు కాగితం వచ్చింది. బి-ట్వెల్వ్ బాగుంది. ఫోలేటు బాగుంది. హోమోసిస్టీన్ అని, ఆ విటమిన్లు తగ్గితే పెరిగేది ఒకటుందిలే, అదీ బాగుంది. థైరాయిడూ బాగుంది. అన్నీ బాగున్నాయే తల్లీ, అంతకంటే చెడ్డ కాగితం నేను చూడలేదు.

నమ్మబుద్ధి కాలేదు. మిషను తప్పు చెప్పిందేమో అనుకున్నాను. ఆయన రక్తంతోనే స్లైడు చేసి, రంగేసి, ఆరబెట్టి, పాత మైక్రోస్కోపు దుమ్ము దులిపి ఆయన్ని ముందు కూర్చోబెట్టాను. భార్య పేరు గుర్తులేని మనిషి, కుర్చీ తనే ముందుకి లాక్కున్నారు. ఆ మర ఎంత తిప్పాలో వేళ్ళు అంతే తిప్పాయి. ఎంతసేపు చూశారో! వాళ్ళావిడా నేనూ పక్కనే నిలబడ్డాం. అప్పుడు, అదే పాత గొంతు, "నంబరెంత?" అన్నారు. నోటికొచ్చిన నంబరేదో చెప్పాను. "కణాలు చక్కగా ఉన్నాయమ్మాయ్. రక్తంలో లోపమేం లేదు. మతిమరుపుకి తీసుంటే మాత్రం ఇంజెక్షన్లు పొడిపించొద్దు, పాపం, ఉపయోగం లేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పు, విసుక్కోకుండా చూసుకోమను." వాళ్ళావిడ గోడవైపు తిరిగి నిలబడింది. ఆయన పలకని అంచులు పట్టుకుని తీసి, ఎప్పట్లాగే జాగ్రత్తగా పెట్టెలో పెట్టారు. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదే.

ఊఁ. ఇక చింపు ఆ కవరు. బి-ట్వెల్వ్ అని ఉంటుంది, చూడు. తక్కువుంటే గట్టిగా చదువు. లేకపోతే... మడిచి లోపల పెట్టేసి, వెళ్ళి టీ పెట్టు.