గీకేసిన మంచుగడ్డ

మాటలాపి ఇట్లా దగ్గరికి జరగండి, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఆదోనిలో ఒక ఐసు ఫ్యాక్టరీ ముందర దాని యజమానీ, ఆయన మేనకోడలూ అరుచుకుంటే, ఆ కోపం వేడికి లోపలి ఐసంతా కరిగి రోడ్డు మీదికి పారింది.

“మామా, నేను నీకాడ దాచిపెట్టిన ఈ మంచుగడ్డ అడుగున గోధుమరంగు పాచి ఉండె. యాడ పోయింది?”

“నేనే గీకినా. నువ్వు మంత్రాలయం పోయొచ్చే లోపల అద్దం మాదిరి సేసి పెట్టినా సూడు.”

“గీకమని ఎవరు సెప్పినారు? సల్లగా ఉంచమంటి, అంతే కదా.”

“ఆ మురికిగడ్డ తీసుకొని పోతే హైదరాబాదులో మీ సార్లు నవ్వరా?”

“అది దక్షిణ ధ్రువం కాడ గడ్డకట్టిన సముద్రం మామా. ఆ పాచి కోసమే ఓడెక్కి పోయినా.”

“పాచి కోసం అంత దూరమా? మన నీళ్ళతొట్టి నిండా ఉంది కదా.”

“ఎగతాళి సెయ్యొద్దు. అది మంచు అడుగున, మసక ఎలుతురులోనే పెరుగుతాది. దాంతోనే కంటికి కనపడని బ్యాక్టీరియా బతుకుతాది. ఆ పాచిని సన్న రొయ్యలు తింటాయి, రొయ్యల్ని తిమింగలాలు తింటాయి. అది ఎంత పంట పండిస్తాదో కొలిసేదే నా పని. నువ్వు పంటంతా గీకేసి నా సేతికి బీడు ఇచ్చినావు.”

“నీ పరువు కోసం సేస్తే నా మిందనే అరుస్తావా?”

“మల్లా పోయి తెచ్చుకునేకి అది ఎమ్మిగనూరు సంత కాదు. గీకినదన్నా యాడేసినావు?”

“చేపలాయన పెట్టెలో ఏసినా.”

ఐసు కోసం నిలబడిన చేపలాయన అప్పుడు తల ఊపాడు.

“అదా సంగతి. పొద్దున్నుంచి నా సచ్చిన చేపలన్నీ బరువెక్కుతాండాయి. కడుపునిండా తిన్నట్టుండాయమ్మా.”